మూడు ఆటలు, ఆరు సబ్జెక్టులు

స్కూల్లో నేను ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ మూడూ ఆడేదాన్నని తెలిసినప్పుడల్లా హాస్టల్లో ఎవరో ఒకరు అడిగే మొదటి ప్రశ్న, "అయితే స్పోర్ట్స్ కోటాలో వచ్చావా?" అని. రాలేదు. మామూలుగా ర్యాంకుతోనే వచ్చాను. ఇంజినీరింగ్ అడ్మిషన్లలో ఆటలకి ఉన్న కోటా అర శాతం. అంటే రెండొందల సీట్లకి ఒకటి. మా ఊరికి దగ్గర్లో ఉన్న నూజివీడు ట్రిపుల్ ఐటీలో కూడా అంతే, వెయ్యి సీట్లుంటే ఐదు. ఆ ఐదింటికి రాష్ట్రం మొత్తం నుంచి పోటీ. మండల స్థాయిలో, జిల్లా స్థాయిలో ఆడిన సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్తే జాతీయ స్థాయి వాళ్ళ వెనక ఎక్కడో నిలబడాలి. కాబట్టి సీటు కోసం ఆడటం అనే లెక్కని మొదట్లోనే పక్కన పెట్టేద్దాం. హైస్కూల్లో రెండు మూడు ఆటలు ఆడుతూ చదువుకోవడం ఎలా కుదురుతుంది, ఎక్కడ కుదరదు అన్నదే నేను చెప్పదలుచుకున్నది. మనలో చాలామందికి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇంకా స్కూల్లోనే ఉన్నారు, వాళ్ళకైనా పనికొస్తుంది.

మాది విస్సన్నపేట. నూజివీడు నుంచి తిరువూరు వెళ్ళే వైపు, చుట్టూ మామిడి తోటలు. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. నేను చదివే రోజుల్లో కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది.

అసలు మూడు ఆటలు ఎందుకు ఆడాలి, ఒకటి చాలదా అని టౌన్లో పెరిగిన ఫ్రెండ్స్ అడుగుతారు. దానికి జవాబు సరదా కాదు, లెక్క. ఖోఖోకి మైదానంలో తొమ్మిది మంది కావాలి, కబడ్డీకి ఏడుగురు, వాలీబాల్‌కి ఆరుగురు. రిజర్వులు కాకుండానే ఇరవై రెండు మంది. మా స్కూల్లో గ్రౌండుకి వచ్చే ఆడపిల్లలం అందరం కలిపి పదిహేను మందిమి. ఇంట్లో ఒప్పుకున్నవాళ్ళు, ఊరవతల నుంచి నడిచి వచ్చినా చీకటి పడకుండా ఇల్లు చేరగలిగినవాళ్ళు, అంతే. అందుకని పీఈటీ సారు ఆ పదిహేను మందినే మూడు జట్లుగా మార్చి మార్చి రాసేవారు. జట్టు పేరు మారేది, మొహాలు అవే. పల్లెటూరి స్కూళ్ళలో ఒకే పిల్ల నాలుగు ఆటలు ఆడుతోందంటే సగం సార్లు కారణం ఇదే. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఒక అమ్మాయి "మార్కులు తగ్గాయి, మానేస్తున్నా" అంటే ఒక జట్టు కాదు, మూడు జట్లు కుంటుపడతాయి. ఆ బరువు పద్నాలుగేళ్ళ పిల్ల మీద ఉంటుంది. టైమ్‌టేబుల్ సలహాలు రాసేవాళ్ళు దీని గురించి మాట్లాడగా నేను చూడలేదు.

ఇక అసలు సమస్య రోజులో ఉండే ఇరవై నాలుగు గంటలు కాదు, క్యాలెండర్. అమెరికాలో మా పెద్దమ్మ కూతురు వాళ్ళ పిల్లలు చదువుతున్నారు. అక్కడ హైస్కూల్లో ఆటలకి సీజన్లుంటాయి. ఆగస్టు చివర నుంచి ఫుట్‌బాల్, క్రాస్ కంట్రీ, అమ్మాయిల వాలీబాల్ లాంటివి. చలికాలం బాస్కెట్‌బాల్, రెజ్లింగ్. వసంతంలో బేస్‌బాల్, ట్రాక్. మూడు ఆటలు ఆడే పిల్లాడు ఒకదాని తర్వాత ఒకటి ఆడతాడు. ఒక్క రోజున చూస్తే అతనికి ఉన్నది ఒకే ఆట. పైగా చదువుకి, ఆటకి మధ్య రాసిపెట్టిన రూలు ఉంటుంది. టెక్సస్ రాష్ట్రంలో 1984లో చట్టమే చేశారు, సబ్జెక్టులో 70 మార్కులు రాకపోతే కొన్ని వారాలు మ్యాచ్ ఆడనివ్వరు. 'నో పాస్, నో ప్లే' అంటారు దాన్ని.

మన దగ్గర స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని వయసుల ప్రకారం జరుగుతాయి. మండలం, డివిజన్, జిల్లా, రాష్ట్రం, ఆ తర్వాత జాతీయ స్థాయి. ఆటలన్నిటికీ సెలక్షన్లు ఇంచుమించు ఒకే కాలంలో, స్కూళ్ళు తెరిచి వర్షాలు మొదలైన దగ్గర్నుంచి దసరా, దీపావళి దాటేవరకు సాగుతాయి. ఫార్మేటివ్ పరీక్షలు రెండు, సమ్మేటివ్ ఒకటి కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. అంటే మూడు ఆటల సెలక్షన్లు, మూడు పరీక్షలు ఒకే ఇరుకు సందులోంచి పోవాలి. జనవరి నుంచి మార్చి వరకు గ్రౌండు ఖాళీ. (మా తాతయ్య ఈ స్కూలు పోటీల్ని ఇప్పటికీ 'గ్రిగ్స్' అంటాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో విద్యాశాఖ డైరెక్టరుగా చేసిన గ్రిగ్ దొర పేరు మీద పెట్టిన పోటీలు. దొర పోయాడు, ప్రెసిడెన్సీ పోయింది, ఆ మాట మాత్రం కోస్తా ఊళ్ళలో ముసలివాళ్ళ నోట మిగిలింది.)

టెక్సస్ చట్టం లాంటిది మనకి లేదు కదా అనుకోవద్దు. అది ఇంట్లో ఉంటుంది. నేను ఎనిమిదిలోకి రాగానే మా నాయనమ్మ మా నాన్నతో అన్న మాట, "ఆడపిల్లకి ఆ చెడుగుడేంట్రా, కాలో చెయ్యో విరిగితే ఎవరు చేసుకుంటారు?" మా నాన్న ఆవిడకి ఎదురు చెప్పలేదు, నన్ను మానమనీ చెప్పలేదు. "నూటికి తొంభై తగ్గిన రోజు ఆట బంద్. నాయనమ్మ మాటే నా మాట" అన్నాడు. మా అన్నయ్య వరస పిల్లలకి ఈ షరతు లేదు. వాళ్ళకి డెబ్భై వచ్చినా క్రికెట్ ఆగలేదు. ఆడపిల్లలకి మార్కులంటే ఆటకి కొనుక్కునే టికెట్టు. అందుకే మా జట్టులో మార్కులు బాగా వచ్చేవాళ్ళే ఎక్కువ ఉండేవాళ్ళు. ఆడితే తెలివి పెరుగుతుందని కాదు, మార్కులు రానివాళ్ళని ఇళ్ళలో అప్పటికే ఆపేశారు గనక.

ఆ టికెట్టు డబ్బులు ఎలా కూడబెట్టామో ఇప్పుడు చెప్తాను.

మొదటిది, ప్రాక్టీసు లెక్క. పొద్దున ఐదూ ముప్పావు నుంచి ఏడు, సాయంత్రం నాలుగుంపావు నుంచి ఐదున్నర. ఒక్కో పూట గంటంపావు. వారానికి ఆరు రోజులు రెండు పూటలా అయితే పదిహేను గంటలు. మా సారు మాత్రం పొద్దుటి ప్రాక్టీసు వారానికి నాలుగు రోజులే పెట్టేవారు, మిగతా రోజులు రావద్దనేవారు. అప్పుడు పన్నెండున్నర గంటలు. పిల్లల క్రీడా గాయాల మీద అమెరికాలో జరిగిన పరిశోధనల్ని బీటెక్‌లోకి వచ్చాక చదివాను. తన వయసు ఎన్నేళ్ళో అన్ని గంటలకి మించి వారంలో కఠినంగా సాధన చేసే పిల్లలకి గాయాలు ఎక్కువ అని తేలింది. పద్నాలుగేళ్ళ పిల్లకి పద్నాలుగు గంటలు అన్నమాట. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన నివేదికలో ఒకే ఆటకి పరిమితం కావడాన్ని పదిహేను, పదహారేళ్ళ దాకా వాయిదా వెయ్యమన్నారు. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తిగా సెలవు ఇవ్వమన్నారు. మా సారు ఇవేమీ చదివి ఉండరు. పిల్లలు క్లాసులో నిద్రపోతున్నారని మాథ్స్ మేడమ్ గొడవ పడిందని పెట్టిన రూలు అది.

మూడు ఆటలకి మూడు ప్రాక్టీసులు కూడా అక్కర్లేదు. ఖోఖో, కబడ్డీ రెండింటికీ కావలసింది వంగి పరుగెత్తడం, ఉన్నట్టుండి దిశ మార్చడం, ఊపిరి నిలపడం. ఒకదానికి చేసినది రెండోదానికి పనికొస్తుంది. వాలీబాల్ మాత్రం వేరు, అది భుజాల, వేళ్ళ పని. సర్వీసు, పాసింగ్ విడిగా చెయ్యాల్సిందే. కాబట్టి మా పొద్దుటి పూట ఖోఖో కబడ్డీలకి ఉమ్మడి, సాయంత్రాల్లో మూడు వాలీబాల్‌కి. కాళ్ళు అలిసిన రోజు భుజాలకి పని, అంతే తేడా.

రెండోది నిద్ర. దీని దగ్గర నేను మొండిదాన్ని. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. 2014లో స్కూలు ఆటగాళ్ళ మీద అచ్చయిన ఒక అధ్యయనంలో ఎనిమిది గంటల కన్నా తక్కువ పడుకునేవాళ్ళకి గాయాలయ్యే అవకాశం 1.7 రెట్లు ఉన్నట్టు తేలింది. తొమ్మిదింటికి పడుకుంటే ఐదింటికి లేవొచ్చు. మా వీధిలో పది చదివే పిల్లలు పదకొండు దాకా లైటు వేసుకుని కూర్చునేవాళ్ళు, మా ఇంట్లో తొమ్మిదికే ఆర్పేసేవాళ్ళం. పక్కింటి పిన్నిగారికి అది పెద్ద వింత.

మరి చదివేది ఎప్పుడు? స్నానం, అన్నం పోను సాయంత్రం రెండున్నర గంటలు చిక్కుతాయి, పొద్దున ప్రాక్టీసు లేని రోజు ఇంకో గంటన్నర. ఆడి వచ్చిన ఒంటితో పుస్తకం పట్టుకుని చదువుతూ కూర్చుంటే పావుగంటలో కళ్ళు మూతలు పడతాయి. అందుకని రాత్రిపూట చదవడం ఉండేది కాదు, రాయడమే. లెక్కలు, మ్యాపులు, సైన్సు బొమ్మలు, రికార్డులు. చెయ్యి కదులుతుంటే నిద్ర రాదు. బట్టీ పట్టాల్సినవి, అర్థం చేసుకుని చదవాల్సినవి పొద్దుటి పూటకి. ఆదివారం మధ్యాహ్నం పెద్ద పాఠాలు.

మూడోది తప్పిపోయిన క్లాసులు. జిల్లా స్థాయికి వెళ్తే రెండు మూడు రోజులు స్కూలు పోతుంది. ఇక్కడ అన్ని సబ్జెక్టులూ సమానం కాదు. సోషల్, తెలుగు ఒక పాఠం తప్పినా తర్వాత సొంతంగా చదువుకోవచ్చు. మాథ్స్, ఫిజికల్ సైన్స్ అలా కాదు, ఇవాళ్టి మెట్టు ఎక్కకపోతే రేపటిది అందదు. అందుకని ఆట ఆడని ఒక ఫ్రెండ్‌తో నాకు ఒప్పందం ఉండేది. నేను లేని రోజుల్లో ఆ రెండు సబ్జెక్టుల నోట్స్ ఆమె వివరంగా రాయాలి, నేను రాగానే అరగంట చెప్పాలి. బదులుగా ఆమె ఇండియా మ్యాపులన్నీ నేను గీసిపెట్టాలి. చెప్పడం వల్ల తనకే పాఠం బాగా వచ్చిందని ఇప్పటికీ అంటుంది, మ్యాపులు గీయడం మాత్రం ఇప్పటికీ రాదు.

విజయవాడకి బస్సులో రెండు గంటలు. పుస్తకం తెరిస్తే సగం మందికి వాంతులు. అందుకని నోటితోనే చదువు. ఒకళ్ళు ప్రశ్న, జట్టంతా జవాబు. పద్యాలకి ప్రతిపదార్థాలు, వాలెన్సీలు, యుద్ధాల తేదీలు. ప్రాక్టీసులో ఇంకో పిచ్చి పని చేసేవాళ్ళం. కబడ్డీలో రైడ్ ముప్పై సెకన్లు, ఊపిరి తీసుకోకుండా కూత పెట్టాలి. మ్యాచ్‌లో కబడ్డీ తప్ప వేరే మాట అంటే ఒప్పుకోరు గానీ, ప్రాక్టీసులో మేము ఆవర్తన పట్టిక కూసేవాళ్ళం. హైడ్రోజన్‌తో మొదలుపెట్టి ఒకే ఊపిరితో ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా. మా లెఫ్ట్ కార్నర్ అమ్మాయి కాల్షియం దాటేది. నేను ఎప్పుడూ ఆర్గాన్ దగ్గరే దొరికిపోయేదాన్ని.

తిండి గురించి ఒక ముక్క. ప్రోటీన్ పౌడర్ల గురించి అడిగే తమ్ముళ్ళకి చెప్పేది, స్కూల్లో పెట్టేది ముందు వదలకుండా తినండి అని. మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్డు మా రోజుల్లోనూ ఉంది. 2020లో మెనూ మార్చాక వేరుశెనగ చిక్కీ వచ్చింది, 2023 నుంచి రాగి జావ. ఆడే పిల్లలకి బెల్లం, పల్లీ, రాగి కన్నా చవకైనది, పనికొచ్చేది ఇంకేముంది? ఆడపిల్లలు వారానికి ఒకసారి ఇచ్చే ఐరన్ మాత్ర కూడా పారెయ్యకుండా వేసుకోవాలి. రక్తం తక్కువైతే ముందు పోయేది దమ్ము, ఆ తర్వాతే మార్కులు.

ఇవన్నీ తొమ్మిదో తరగతి దాకా బాగా నడుస్తాయి. పదిలో క్యాలెండర్ మారిపోతుంది. దసరా సెలవుల తర్వాత పొద్దున ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం ఒకటి. రెండు ప్రాక్టీసు పూటలూ ఒకేసారి పోతాయి. నేను రాసినప్పుడు ఆరు సబ్జెక్టులకి పదకొండు పేపర్లు. ఇప్పుడు పేపర్లు తగ్గాయి, మొత్తం మాత్రం అప్పుడూ ఇప్పుడూ 600 మార్కులే. అప్పుడు మూడు ఆటల్లో ఏది ఉంచుకోవాలి? బాగా వచ్చినదాన్ని అని అందరూ చెప్తారు. నేనైతే అలా అనను. ఖోఖోలో నేను బాగా ఆడేదాన్ని, కానీ తొమ్మిది మంది ఒకే టైముకి గ్రౌండుకి రావాలి. పదో తరగతిలో ఆ తొమ్మిది మంది కుదరరు. నలుగురైదుగురున్నా ఎంతోకొంత సాధన జరిగేది కబడ్డీ. అది ఉంచుకుని, మిగతా రెండూ ఆ ఏడాది జిల్లా పోటీలతో ఆపేశాం. స్పెషల్ క్లాసులు మొదలయ్యాక అదీ లేదు, తోటల దారిలో పొద్దున్నే ఇరవై నిమిషాలు పరుగు మాత్రం. ఒంటరిగా చేయగలిగింది ఒక్కటైనా చేతిలో ఉంటే ఆట పూర్తిగా తెగిపోదు.

మా తమ్ముడికి పరిస్థితి ఇంకా ఇరుకు. వాడు పదిలో ఉండగా, 2023 డిసెంబరు 26న 'ఆడుదాం ఆంధ్రా' మొదలైంది. పదిహేనేళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా ఆడొచ్చు, సచివాలయం స్థాయి నుంచి పోటీలు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. ముగింపు ఫిబ్రవరిలో విశాఖలో. పదో తరగతి పరీక్షలు మార్చి 18 నుంచి. "అక్కా, నాన్నకి నువ్వు చెప్పవా" అని ఫోను. వాలీబాల్ ఒక్కటే ఆడు, మండలం దాటితే అప్పుడు చూద్దాం అన్నాను. వాళ్ళు మండలంలోనే పోయారు. వాడు ఏడ్చాడు, మా నాన్న లోపల్లోపల సంతోషించాడు. ఊరూరా ఆటలు పెట్టడం నాకు ఇష్టమే. కానీ పదో తరగతి పిల్లల్ని కూడా తీసుకునే పోటీ వేసవిలో పెట్టొచ్చుగా. ఎండలంటారా, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఎండేమీ ఉండదు.

పరీక్షే ఆట కోసం జరిగిన సందర్భం కూడా ఒకటుంది. 2018లో హర్యానా కుర్రాడు అనీశ్ భన్వాలా పది చదువుతుండగా కామన్వెల్త్ గేమ్స్ వచ్చాయి. సీబీఎస్ఈ అతని పరీక్ష తేదీలు మార్చింది. అతను పదిహేనేళ్ళకే షూటింగ్‌లో బంగారు పతకం తెచ్చాడు. అది దేశం తరఫున ఆడితే దొరికే సౌకర్యం. స్కూల్లో జరిగే సమ్మేటివ్ పరీక్ష తప్పితే హెడ్మాస్టరు మళ్ళీ పెట్టిస్తారు, మాకు రెండుసార్లు పెట్టించారు. వెళ్ళేముందే కాగితం మీద రాసి అడగాలి, వచ్చాక కాదు.

రెండు ఆటలు ఆడి పైకొచ్చినవాళ్ళు మనలో లేరా అంటే ఉన్నారు. మద్రాసు క్రికెట్‌కి ఆద్యుడనే బుచ్చిబాబు నాయుడి కొడుకు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు, 1936లో నలభై ఏళ్ళ వయసులో ఇంగ్లండ్ మీద టెస్టు క్రికెట్ ఆడాడు. ఆడిన రెండు టెస్టుల్లో సగటు 56 పైనే. తన జీవితకథ పేరులోనే తనని తాను ఆటల వ్యసనపరుడు అని చెప్పుకున్నాడు. అది వేరే కాలం, కేంబ్రిడ్జిలో చదివిన కుటుంబం. మనకి దగ్గరి ఉదాహరణ విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ. ఐదేళ్ళు నిండకముందే కృష్ణా నదిలో ఐదు కిలోమీటర్లు ఈదింది. తర్వాత విల్లు పట్టింది. కేఎల్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్ చేసింది, 2017లో అర్జున అవార్డు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు. ఆమెవీ రెండు ఆటలే, కానీ ఒకదాని తర్వాత ఒకటి. ఈత ఇచ్చిన భుజాలు విలువిద్యకి పనికొచ్చి ఉంటాయని నా ఊహ.

ఇక చివరిగా, పది తర్వాత సంగతి. అండర్ 19 అంటే ఇంటర్ పిల్లల కోసమే. ఆ వయసులో జాతీయ స్కూలు పోటీల్లో ఆడితే వచ్చే ఫారం 4 కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ ఉద్యోగాలకి చెల్లుతుంది. అంటే ఆట నిజంగా ఉపయోగపడటం మొదలయ్యేది అక్కడే. సరిగ్గా అక్కడే మనం రెసిడెన్షియల్ కాలేజీల్లో చేరతాం. నేను చేరిన చోట గ్రౌండు లేదు, పార్కింగ్ ఉంది. ఎంట్రీ ఫారం మీద ప్రిన్సిపాల్ సంతకం కావాలి. అడిగితే "ఎంసెట్ అయ్యాక ఆడుకోమ్మా" అన్నారు. మా పదిహేను మందిలో ఇంటర్‌లో ఆట కొనసాగించింది ఇద్దరే. ఇద్దరూ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరినవాళ్ళే. వాళ్ళకి సంతకం పెట్టడానికి ప్రిన్సిపాల్ ఉన్నారు, ఆడటానికి గ్రౌండు ఉంది, జట్టుకే మనుషులు చాల్లేదు. పక్క మండలం అమ్మాయిల్ని కలుపుకుని ఏడుగురిని చేశారు.